చెరిసగం

తనదొకటి, అక్కదొకటి, రెండు మందు సీసాలు టేబుల్ మీద పెట్టి, "ఇక నేను మానేస్తానమ్మా" అంది చెల్లెలు.

నర్సు తలెత్తింది. ఆ ఆస్పత్రిలో జరుగుతున్నది ఏ జబ్బూ లేనివాళ్లకు ముందుజాగ్రత్తగా మాత్రలిచ్చి చూసే పరీక్ష. సగం మందికి అసలు మందు, సగం మందికి ఉత్త పిండిబిళ్ల. ఎవరికి ఏది వెళ్తోందో ఇచ్చే నర్సుకు కూడా తెలియదు.

"కళ్లు తిరుగుతున్నాయా? కడుపులో తిప్పుతోందా?"

"ఏమీ లేదు. గుండ్రాయిలా ఉన్నాను."

"మరి అక్క పోయిందని మానేస్తున్నారా? మీ అమ్మగారికొచ్చిన జబ్బే ఆవిడకీ వచ్చింది. మీరిప్పుడు అసలు మానకూడదు. అసలు మందు మీ సీసాలోనే ఉందేమో! కావాలంటే పెద్ద డాక్టర్ని అడిగి ఎవరిది ఏదో చెప్పిస్తాను."

"వద్దు."

"ఎందుకండీ?"

"నెలనెలా ఇంటికెళ్లగానే అక్క రెండు సీసాలూ ఒకే డబ్బాలో ఒంపి కలిపేసేది. చిన్నప్పట్నుంచీ మాకు ఏదైనా చెరిసగమే. 'అసలుది ఎవరికి తగిలినా ఇద్దరికీ అందుతుందే పిచ్చిదానా' అనేది. రోజూ చేతికందింది చెరొకటి మింగేవాళ్లం. ఈసారివి తను మంచాన పడ్డాక నేనే తీసుకెళ్లాను, కలపడానికి తను లేకుండా పోయింది."

నర్సు సీసాల వైపు చూసింది. రెండింట్లోనూ మాత్రలు ఒకేలా, తెల్లగా ఉన్నాయి.

"అసలు మందులో ఆ సగం నాకు సరిపోయినట్టుంది, అక్కకే చాల్లేదు," అంది చెల్లెలు, వాతావరణం గురించి చెబుతున్నట్టు. "అది అక్క సీసాలోదని మాత్రం నాకెవరూ చెప్పొద్దు."