తలుపు తట్టినప్పుడల్లా

"రెండేళ్లు రావాల్సిన బ్యాటరీలు మూడు వారాలకే చచ్చాయి. కొత్తవి నొక్కేసి పాతవి పెట్టావు కదూ?" శీతల గిడ్డంగి ఇంజనీరు దొంగతనం చేసిందని ఆమెను పనిలోంచి తీసేసే కాగితం ముందుకు తోశాడు.

చలి కొలిచి వైర్లు లేకుండా సమాచారం పంపే సెన్సర్లకు బ్యాటరీలు మార్చడమే ఆమె పని. ఆమె సంతకం పెట్టలేదు.

"వీధి గోడవైపువే ఎందుకు చచ్చాయి సార్? మళ్లీ కొత్తవి వేశాక చూశాను, గంటకోసారి వెలగాల్సిన సెన్సర్ల లైట్లు అక్కడ ఆగకుండా మిణుకుమంటున్నాయి. బయటినుంచి ఎవరో వాటిని సిగ్నల్‌తో పిలుస్తున్నారు."

"పాస్‌వర్డ్ లేకుండా పిలిస్తే అవి పలకవు. ఏడో తరగతి చదివి నాకు పాఠమా?"

"పలకవు, కానీ లేచి వింటాయిగా? ఎవరైనా తలుపు తడితే నేను తియ్యను. పడుకున్న నా పిల్ల మాత్రం ఉలిక్కిపడి లేస్తుంది. పదిసార్లు లేపితే సాయంత్రానికి సోలిపోతుంది."

ఇంజనీరు గోడ దగ్గరికి వెళ్లి మిణుకుమంటున్న లైట్లను చాలాసేపు చూశాడు. తిరిగొచ్చి, కాగితం వెనక్కి తీసుకోబోయాడు.

ఆమె దానిమీద చెయ్యి పెట్టింది.

"దొంగనని దీనిమీదేగా రాశారు. కాదని కూడా దీనిమీదే రాయండి సార్."