మాటల్లేని బేరం

“ఒరేయ్ అరిష్, లేవరా! పొగ పెట్టేశాం. వాళ్లొచ్చేస్తారు, పడవెక్కు!” సరంగు మిల్కతోన్ గొంతు చించుకున్నాడు.

అరిష్ మోసుకొచ్చిన ఊదారంగు బట్టల మూటను ఇసుకలో పడేసి, పక్కనే తానూ కూలబడ్డాడు. “నా వల్ల కాదయ్యా. కార్తేజ్ రేవులో తెడ్డు పట్టినవాణ్ణి, ఇంతవరకూ వదల్లేదు. ఈ చేతులు చూడండి, తోలు మిగిల్లేదు.”

“మన మొహం కనబడితే వాళ్లు అడవిలోంచి బయటికే రారురా!”

“మూటల చాటున పడి ఉంటాలెండి. కాసేపు నడుం వాల్చనివ్వండి.”

సరంగు నోటికొచ్చినన్ని తిట్లు తిట్టి, పడవను ఓడ వైపు తిప్పించాడు.

ఆ ఒడ్డున బేరం ఎప్పుడూ అంతే. మాటా పలుకూ ఉండదు. కార్తేజ్ వాళ్లు సరుకు పరిచి, రమ్మన్న గుర్తుగా పొగ పెట్టి, ఓడెక్కేస్తారు. అడవి జనం వచ్చి ఒక్కో సరుకు పక్కన తమకు తోచినంత బంగారం పోసి తప్పుకుంటారు. గిట్టితే ఆ బంగారం ఎత్తుకుని సరుకు వదిలేయడమే. ఇన్నేళ్లలో ఎవరూ ఎవరినీ మోసం చేసింది లేదు.

అరిష్ కళ్లు తెరిచేసరికి సరంగు ఎదురుగా నిలబడి ఉన్నాడు. బట్టల దగ్గర బంగారం అప్పటికే సంచిలోకి చేరింది. అరిష్ తల పక్కన మాత్రం చిన్న కుప్ప ఒకటి మెరుస్తోంది.

“ఇదేంటయ్యా?”

“నీ ధర. సరుకు మధ్యలో పడి నిద్రపోయావు, నువ్వూ సరుకే అనుకున్నారు.”

అరిష్‌కు నిద్రమత్తు ఎగిరిపోయింది. “దాన్ని ముట్టుకోకండయ్యా! ముట్టుకుంటే నన్ను అమ్మేసినట్టే. ఇంటి దగ్గర నా పెళ్లాం ఎదురుచూస్తూ ఉంటుంది. మెల్కార్త్ దేవుడి మీద ఆన, ఇంకెప్పుడూ అలిసిపోయానని అనను.”

సరంగు వంగి కుప్ప మీదికి చెయ్యి చాచాడు. ఏమనుకున్నాడో, సరంగు చెయ్యి వెనక్కి తీసుకుని నిలబడ్డాడు. బంగారం ఎక్కడిదక్కడే ఉంది.

అరిష్ బావురుమని ఆయన కాళ్లు పట్టుకున్నాడు. “మీ మేలు చచ్చినా మరవనయ్యా! పదండి, ఓడ దాకా నేనే తెడ్డేస్తాను.”

“ఎక్కడికిరా?” సరంగు మెల్లిగా కాళ్లు విడిపించుకున్నాడు. “కదలకుండా పడుకో. ముట్టుకోకుండా వెళితే ఇంకో పిడికెడు పోస్తారు.”