వదులు

"మళ్లీ ఎక్కువే!"

కాటా మీది అంకెను చూసి తనూజ తల పట్టుకుంది.

పదిహేను కిలోలు దాటితే రోబోను బరిలోకి రానివ్వరు. వాళ్ల బురుజు ఇంకా ముప్పావు కిలో ఎక్కువే తూగింది.

బురుజు అంటే, ఎవరైనా దిగగలిగే రోబోల కొట్లాట పోటీకి కర్నూలు నుంచి కడపకు వచ్చిన ఇంజనీరింగ్ పిల్లల రోబో. పేరుకే బురుజు. పోయినేడు మొదటి ఆటలోనే దాని ముందు రేకు అప్పడంలా ముడుచుకుపోయింది. అది అల్యూమినియం.

ఈసారి కూడా మొదటి ఆటలోనే ఓడి వస్తే, వాళ్లు పని చేసుకునే షెడ్డులో కాలేజీ బస్సులు పెట్టిస్తానని ప్రిన్సిపాల్ తేల్చి చెప్పాడు.

అందుకే జట్టులోని వీరభద్ర డోన్‌లో మెకానిక్ దగ్గర్నుంచి పాత కమాను పట్టా తెచ్చాడు. లారీ చక్రాల పైన బరువంతా మోసే ఉక్కు పట్టా అది. దాన్ని ముందు కవచంగా బోల్టులతో బిగించారు. చట్రానికి ఇనప పైపులు, పక్కలకు ప్లాస్టిక్ పలకలు. అంతా బాగానే ఉంది, బరువే చావగొడుతోంది.

"పక్క పలకలు తీసేద్దామా?" అంది తనూజ.

"పక్కన కొడితే బ్యాటరీ బయటికొస్తాది."

"మళ్లీ అల్యూమినియమే వేద్దామా?"

"అప్పడం సాల్లేదా నీకు?" కసిరాడు వీరభద్ర. "బోల్టులు, వాటి బిళ్లలు పీకేద్దాం. పట్టాను నేరుగా చట్రానికి వెల్డింగ్ కొట్టేస్తే సరి. బరువూ తగ్గుతాది, గట్టిగానూ ఉంటాది."

అప్పుడొచ్చింది ఆవిడ.

ముప్పై ఏళ్లుంటాయి. నలిగిన చుడీదార్, చేతిలో నీళ్ల సీసా. పోటీ చూడ్డానికి వచ్చి, కూర్చోడానికి జాగా దొరక్క తిరుగుతున్న మనిషిలా ఉంది. వాళ్ల బల్ల దగ్గర ఆగిపోయింది.

"యా ఊరు పాపా?"

"కర్నూలు."

"ఆ పట్టా లారీదేనా?"

"అక్కా, మాకు శానా పనుండాది," అంది తనూజ తలెత్తకుండా.

వెల్డింగ్ అయిపోయేదాకా ఆవిడ అక్కడే నిలబడింది. వీరభద్ర గ్రైండర్ అందుకున్నాడు. ఆ రొదలో ఆవిడ ఏదో అరిచింది. తనూజకు చివరి ముక్క ఒక్కటే వినబడింది.

"...వదులు పాపా!"

గ్రైండర్ ఆగింది.

"ఏమంటివి?"

"అంత బిగువు పనికిరాదంటాండా. వదులు."

తనూజకు ఒళ్లు మండిపోయింది. ఏడాది పొడుగునా ఇదే పాట. ఆడపిల్లకు ఇనుముతో పనేంటి, వదిలెయ్ అని ఇంట్లో. మార్కులు చూసుకో, వదిలెయ్ అని కాలేజీలో. ఇప్పుడు ముక్కూ మొహం తెలియని మనిషి కూడా మొదలుపెట్టింది.

"వదలను! బిగువో పొగరో, అది నా ఇష్టం. నువ్వు పో అక్కా!"

"అది గాదు పాపా, నేననేది..."

"ఏమక్కా, చెప్తాంటే ఇనపడ్లేదా?" వీరభద్ర మళ్లీ గ్రైండర్ నొక్కాడు.

ఆవిడ తెరిచిన నోరు మూసుకుని వెళ్లిపోయింది. తనూజ ఏడవకూడదని పళ్లు బిగబట్టుకుని బురుజును కాటా ఎక్కించింది.

ఈసారి సరిపోయింది.

మొదటి ఆటలో ఎదుటి రోబో పేరు గండి. కమలాపురం వాళ్లదట. ముందు పట్టా, నెత్తిన గిర్రున తిరిగే కత్తి. బరి చుట్టూ మందపాటి అద్దాలు. అటువైపు ఎవరున్నారో చూసే తీరిక తనూజకు లేదు. కళ్లన్నీ బురుజు మీదే.

గండి కొట్టిన మొదటి దెబ్బకు నిప్పురవ్వలు లేచాయి. బురుజు పట్టా చెక్కు చెదరలేదు.

"సూడుమీ, ఎట్లుండాదో!" వీరభద్ర ఎగిరాడు.

తనూజ బురుజును దూకించింది. బురుజు కూడా గండిని గట్టిగానే గుద్దింది. గండి ఊగి, మళ్లీ మీదికొచ్చింది.

రెండో దెబ్బ.

పట్టా వంగలేదు. వెల్డింగ్ పక్కనే పుటుక్కున విరిగి దూరంగా పడింది. మూడో దెబ్బకు చట్రం తెరుచుకుంది, బురుజు కదలడం మానేసింది.

షెడ్డు పోయింది.

ముక్కలు ఏరుకోవడానికి ఇద్దరూ బరిలోకి వెళ్లారు.

"లారీని మోసిన పట్టా మే ఇది! ఎట్లిరుగుతాది?" వీరభద్ర విరిగిన ముక్కను పట్టుకుని తిట్టుకుంటున్నాడు.

తనూజ ఉక్రోషంతో గండి ముందు పట్టాను ఒక్క తోపు తోసింది. అది కదిలింది.

"చూడు వీరా! బోల్టులు కూడా సరిగ్గా బిగించుకోలేదు. దీని చేతిలోనా మనం ఓడింది!"

వీరభద్ర వంగి చూశాడు. ఒక్కో బోల్టు కింద వేలు పెట్టి తడిమాడు.

"బిగించలేక కాదు. పట్టా మన మాదిరిదే, లారీదే. వెల్డింగ్ ఊసే లేదు. బోల్టు బోల్టు కింద రబ్బరు బిళ్ల ఉండాది. దెబ్బ పడితే పట్టా ఊగుతాది, దెబ్బ దాంట్లోనే సచ్చిపోతాది. మనది ఊగకుండా బిగుసుకుపోయింది, దెబ్బంతా అతుకు కాడే తగిలి ఇరిగె. కావాలనే వదులుగా కట్టినారు."

"ఎట్లా కట్టినారు?"

"వదులుగా."

తనూజ చెయ్యి పట్టా మీదే ఉండిపోయింది. బిగువు పనికిరాదంది. వదులు అంది. తనను కాదు, పట్టాను అంది.

సిగ్గుతో ఆ పిల్ల చెవులు కాలిపోయాయి. ఒక్క నిమిషం గ్రైండర్ ఆపి వినుంటే సరిపోయేది. కాళ్లు పట్టుకునైనా క్షమించమని అడుగుదామని అద్దాల అవతల కుర్చీలన్నీ వెతికింది. ఆవిడ ఎక్కడా లేదు.

ఇంతలో అటువైపు తలుపు తోసుకుని, గండిని ఎత్తుకుపోవడానికి, మెడలో రిమోట్ వేలాడుతుండగా, గెలిచిన సంతోషం మొహంలో ఏ కోశానా లేకుండా లోపలికి వచ్చింది, ఆవిడే.