పొడుగు చేతులు

"పిల్లల్ని పాడు చేస్తోంది మీరే!" బట్టలు కుట్టే తల్లి, బడి లైబ్రరీ బల్ల మీద పుస్తకాన్ని విసిరికొట్టింది. "తన చేతిని తనే గాయపరచుకునే పిల్ల కథా? సగం చదివేసరికి నాకు ఒళ్ళు మండింది. ఇది మా అమ్మాయికి ఇస్తారా?"

"మూడుసార్లు తీసుకెళ్ళింది," అంది లైబ్రేరియన్. "ఎందుకమ్మా అని నేను అడగలేదు. నాదే తప్పు. మీకెలా దొరికింది?"

"నా కుట్టుమిషన్ మీదే పెట్టి బడికొచ్చింది. దాచుకునే తెలివి కూడా లేదు!"

"నెల నుంచీ దానికి అట్ట వేసి, పైన లెక్కల పుస్తకమని రాసుకుని తిరిగింది. ఆ అట్ట మీరు తీశారా?"

"నేనెందుకు తీస్తాను? దానికి అట్ట లేనే లేదు."

లైబ్రేరియన్ పుస్తకం తెరిచింది. చివర్లో ఒక పేజీ మూల మడిచి ఉంది. కథలో పిల్ల వాళ్ళమ్మకు అంతా చెప్పే పేజీ.

తల్లి మెడలోని టేపును వేళ్ళకు చుట్టుకుంది. కొలతల్లో ఆమె ఎన్నడూ పొరపాటు పడలేదు.

"ఇంత ఎండల్లో పొడుగు చేతులు కావాలంది. నాలుగు జతలు కుట్టిచ్చాను. ఎన్ని అంగుళాలని అడిగాను గాని, ఎందుకని అడగలేదు."

లైబ్రేరియన్ కుర్చీలోంచి లేచింది.

"పుస్తకం సంగతి తర్వాత తేల్చుకుందాం మేడమ్. ముందు మా పిల్లని క్లాసులోంచి పిలిపించండి. డాక్టరు దగ్గరికి మీరూ రావాలి. ఇప్పుడే."