ఊపిరి గొట్టం

"ఇక ఇది పనికిరాదు మారిట్. పారబొయ్యి," అన్నాడు ల్యాబ్ పెద్ద గ్రిఫిన్.

గాజు పాత్రలోని గులాబీ ద్రవంలో వేలెడంత గొట్టం ఒరిగి పడి ఉంది. సోమవారం ఆపరేషన్‌లో టెస్ అనే అమ్మాయికి శ్వాసనాళంగా అమర్చవలసిన గొట్టం. మారిట్ పట్టకారుతో దాన్ని లేపబోయింది. తడిసిన కాగితంలా నడుము దగ్గర మడతపడిపోయింది.

"కణాలు బతికే ఉన్నాయి కదా! చూడండి, లోపలంతా ఎలా అల్లుకున్నాయో."

"కణాలకేం, దివ్యంగా ఉన్నాయి. పందిరి కూలాక పాదు పచ్చగా ఉండి ఏం లాభం?"

అవి టెస్ ముక్కులోంచి తీసి పెంచిన కణాలు. ఒంట్లో ఉండే కొలాజెన్ అనే మెత్తని ప్రొటీన్‌తోనే చేస్తే వాటికి ఇష్టమే గానీ గొట్టం నిలబడదు. ఒక్క కృత్రిమ పాలిమర్ దారంతో చేస్తే నిలబడుతుంది గానీ కణాలు సరిగ్గా అంటుకోవు. అందుకని మారిట్ రెండూ కలిపి నేసింది. కణాలు తమ గోడ తాము కట్టుకునేదాకా పాలిమర్ ఓపిక పట్టాలి. పట్టలేదు. ముందే కరిగిపోయింది.

"మళ్లీ మొదలుపెడతాను."

"నువ్వు మొదలుపెడతావు. ఆ పిల్ల ఆగొద్దూ?"

మారిట్ పట్టకారు కింద పెట్టింది.

"వాళ్ల నాన్న వచ్చి కింద కూర్చున్నాడట. ముందు వెళ్లి ఆయనకు చెప్పు. దీని సంగతి తర్వాత చూద్దువుగాని," అని గ్రిఫిన్ బయటికి నడిచాడు.

మారిట్ అక్కడే ఉండిపోయింది. టెస్ నాన్న ఆర్విల్ మినియాపొలిస్ రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతాడు. డ్యూటీ దిగి, బూట్ల మంచు దులుపుకుని, "ఎలా ఉందమ్మా మా పిల్ల గొట్టం?" అంటూ వస్తాడు. పోయినసారి వచ్చినప్పుడు కూడా, "భేషుగ్గా ఉందండీ!" అని తనే చెప్పింది. ఇప్పుడు ఏ మొహంతో దిగాలి?

ఈ గొట్టం కళ్లముందు ఉన్నంతసేపూ తనకు మాట పెగలదనిపించింది. కణాలను చంపే బ్లీచ్ సీసా తీసి పాత్రలోకి వంపింది. గులాబీ రంగు చూస్తుండగానే వెలిసిపోయింది. గొట్టం పాలిపోయి అడుక్కి దిగింది.

మొహం కడుక్కుని కిందికి వెళ్లింది.

ఆర్విల్ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఉన్ని టోపీ చేతిలో ఉంది.

"ఆర్విల్ గారూ, నన్ను క్షమించండి. ఆ గొట్టం..."

"ఇక దానితో పని లేదులేమ్మా," అన్నాడాయన మెల్లగా. "టెస్ పొద్దున్న పోయింది. నిద్రలోనే."

మారిట్ కళ్లు తుడుచుకుంది.

"ఏడవకు. నీ చేతనైనదంతా నువ్వు చేశావు. నాకు తెలీదూ?" ఆయన టోపీని ఒకసారి పిండి, వదిలాడు. "ఆసుపత్రిలో డాక్టరు ఒక మాట చెప్పాడు. అది విని నేరుగా ఇక్కడికే వచ్చాను."

"ఏమన్నారు?"

"మీ దగ్గరున్న ఆ కాస్త గొట్టంలో మా పిల్ల ఇంకా బతికే ఉందట కదమ్మా! ఒక్కసారి చూసి పోతాను."