హీబర్ పొలంలో ఇత్తడి రేకులు

"సిస్టర్, ఈ రేకులు పాతవి కావు."

లారూకి ఒళ్లు మండింది. ఈ ముసలాయన ఆ మాట అనడం ఇది మొదటిసారి కాదు.

ఆమె తండ్రి హీబర్ దుంపల చేను దున్నుతుంటే నాగలికి తగిలిన ఇత్తడి రేకులవి. వాటి నిండా ఎవరికీ అంతుపట్టని అక్షరాలు. తమ మతగ్రంథాన్ని లోహపు రేకుల మీద చెక్కారని మోర్మన్ క్రైస్తవులు నమ్మే ప్రాచీనులు రాసినవే అని హీబర్ పోయేదాకా నమ్మాడు. లారూ వాటిని ముందుగదిలో అద్దాల పెట్టెలో ఉంచి, యూటా రాష్ట్రం నలుమూలల నుంచి వచ్చేవాళ్లకు చూపిస్తోంది.

అనుమానం ఊరి చర్చి పెద్ద బిషప్‌కీ ఉంది. మన విశ్వాసం రేకుల మీద నిలబడలేదు సిస్టర్ అని మెల్లగా అనేసి, పెట్టిన పీచ్ పండ్ల పేస్ట్రీ తిని వెళ్లిపోతాడు. ఈ ముసలి ఓర్విల్ అలా కాదు. వసంతంలో ఈ ఊళ్లో మేనకోడలి ఇంటికి చేరిన దగ్గర్నుంచి జిడ్డులా పట్టుకున్నాడు.

"పాతవి కావని మీకెవరు చెప్పారు?"

"అదే చెబుదామని... మీ నాన్న హీబర్..."

"మా నాన్న పేరెత్తితే మర్యాద దక్కదు."

తలుపు మొహం మీదే వేసేసింది.

నెల మొదటి ఆదివారం వచ్చింది. ఊరంతా ఉపవాసంతో చర్చిలో ఉంది. ఆ రోజు ఎవరికి తోస్తే వాళ్లు లేచి తమ విశ్వాసం గురించి సాక్ష్యం చెప్పుకోవచ్చు. అందరూ అయ్యాక ఓర్విల్ కర్ర ఊతంగా మైకు దగ్గరికి నడిచాడు. ఈ ఊరి రేకుల గురించి ఒక మాట చెప్పాలని మొదలుపెట్టాడు.

ఇంటి మీదికి వచ్చింది చాలక ఇక్కడికీ తయారయ్యాడా అనుకుంది లారూ. ఆర్గన్ ముందు కూర్చున్నది ఆమే. ముగింపు పాట అందుకుంది, గట్టిగా. ఆకలి మీదున్న జనం సంతోషంగా గొంతు కలిపారు.

ముసలాయన పెదవులు కాసేపు కదిలాయి. తర్వాత ఆయనా వాళ్లతో కలిసి పాడి, వెళ్లిపోయాడు. మళ్లీ కనబడలేదు. పీడ విరగడైందనుకుంది లారూ.

చలికాలంలో, ఆమే పట్టుబట్టి పిలిపించిన విశ్వవిద్యాలయం పండితులు రేకులు పరీక్షించారు. అంగట్లో కొన్న ఇత్తడి, యాసిడ్‌తో చెక్కిన అక్షరాలు, నూరేళ్లు కూడా లేవని తేల్చేశారు.

ఇంక ఊరి నోటికి మూత లేకపోయింది. పేరు కోసం హీబరే దొంగ రేకులు చేశాడన్నారు. నిన్నటిదాకా ఆ పెట్టె ముందు టోపీలు తీసినవాళ్లే అన్నారు. రేకులు పోతే పోయాయి, నాన్నను మోసగాడంటే లారూ తట్టుకోలేకపోయింది.

ఆ కోపమంతా ఓర్విల్ మీదికి మళ్లింది. నిలదీద్దామని వాళ్లింటికి వెళ్లింది.

మేనకోడలు తలుపు తీసింది. మామయ్యను సమాధి చేసి వారం దాటిందని చెప్పింది.

లారూ ఒక్క క్షణం తగ్గింది. కానీ విసుగు ఆగలేదు.

"అవి దొంగవని ఆయనకు ముందే ఎలా తెలుసు?"

"నాకూ పోయేముందే చెప్పాడు సిస్టర్. కుర్రతనంలో సరదాకి ఆ రేకులు చేసి మీ నాన్న పొలంలో పాతింది ఆయనేనట, హీబర్‌కి ఏ పాపమూ తెలియదని నలుగురి ముందూ ఒప్పుకోవాలనే ఈ ఊరొచ్చాడట."