కైలాసం ఇంటి పడుగు

అన్యాయం ఎవరికి జరిగింది?

రాజవ్వకు.

ఏమిటా అన్యాయం? ఆదివారం ప్రార్థనలో రొట్టె పంచే ప్రభువు బల్ల దగ్గర ఆమె చేయి చాచింది. రొట్టె పళ్ళెం ఆమెను దాటిపోయింది. దాటించినవాడు సంఘపెద్ద కైలాసం.

వరంగల్‌లో, నేతగాళ్ళ వాడ చివర, ఒక పెంకుటిల్లే వారి ప్రార్థన మందిరం. 1979 ఎండాకాలంలో ఏలీయా అనే బోధకుణ్ణి అక్కడికి పిలిపించినవాడు కైలాసమే. ఆకాశం నుంచి అమెరికావాళ్ళ అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ పడబోతోందని ఊరూవాడా వణికిన రోజులవి.

“లోకాంతం నాడు ఆకాశం నుంచి రాలుతదని ప్రకటన గ్రంథంల రాసిన మాచిపత్రి నక్షత్రం ఇదే,” అన్నాడు ఏలీయా. “ప్రభువు రాకడ వాకిట్లకొచ్చింది. నాగటి మీద చెయ్యిపెట్టి ఎనకకు జూసేటోడు శిష్యుడు గాదు. మగ్గం మీద పడుగుంటే మీ మనసు దాని మీదనే ఉంటది. తెంపుండ్రి!”

పడుగంటే మగ్గం మీద నిలువునా బిగించిన పోగులు. చావు వచ్చిన ఇంట్లో సైతం సగం నేసిన పడుగును ఎవరూ తెంపరు. అయినా తెంపారు.

మొదటి కత్తెర కైలాసానిదే.

స్కైలాబ్ ఎక్కడో సముద్రాల అవతల పడింది. అప్పటికే ఏలీయా ఊరు విడిచిపోయాడు.

తెగిన పడుగును అతకడమంటే వేల పోగులను ఒక్కొక్కటిగా, కొసకు కొస పెట్టి మెలివేయడం. ఆ పని పూర్తయ్యేదాకా కడుపు ఆగదు. మగవాళ్ళు మార్కెట్‌లో బస్తాలు మోయడానికి పోయారు. మగ్గాలకు బూజు పట్టింది.

శ్రావణం దాటాక ఆ ముసలావిడ వచ్చింది. చంకలో చిన్న మూట.

“పోగులు అతుకుత కొడుకా. కూలి వద్దు. జర గంజి పోస్తే సాలు.”

కైలాసం ఎగాదిగా చూశాడు.

“ఊకెనే చేస్తవా? నీ పేరేంది?”

“రాజవ్వ.”

“ఏ ఊరు? ఎవల మనిషివి?”

“అది జెప్తే మీరు పోగు ముట్టనియ్యరు కొడుకా.”

ఆ మాటతో కైలాసానికి అనుమానం బలపడింది. తమ సిగ్గును చూసి పోవడానికి వేరే సంఘంవారెవరో పంపి ఉంటారు. తెంపమన్నవాణ్ణి ఏ ప్రశ్నా అడగనివాడు అతకవచ్చినదాన్ని అన్నీ అడిగాడు.

మిగతా ఇళ్ళవాళ్ళు మాత్రం ఆమెను రానిచ్చారు.

“మంచిగ అతుకు అవ్వా,” అని నవ్వింది పక్కింటి పూలమ్మ. “ఇంకొక ప్రవక్త వస్తే మల్ల తెంపాలె గద!”

రాజవ్వ నవ్వలేదు.

“నవ్వులాటకు గూడ అట్ల అనకు బిడ్డా.”

ఆదివారం ఆమె మందిరం గుమ్మం దగ్గర కూర్చుంది. రొట్టె పళ్ళెం రాగానే చేయి చాచింది.

“బాప్తిస్మం తీసుకున్నవా?” అన్నాడు కైలాసం.

“తీసుకున్న.”

“ఏ సంఘంల?”

ఆమె తల వంచుకుంది.

“ఊరు చెప్పని మనిషికి ఈ బల్ల లేదు,” అని అతడు పళ్ళెం జరిపాడు.

“సరే కొడుకా. ముందుగాల పని కానియ్యి. అయినంక అడుగుత.”

ఒక్కొక్క ఇంట్లో మగ్గం మళ్ళీ చప్పుడు చేసింది. ఒక్క కైలాసం ఇల్లే మూగగా ఉండిపోయింది. మగ్గం గదికి అతడు తాళం వేశాడు.

“ఇంట్ల బియ్యం లెవ్వు,” అంది భార్య సరోజన. “నీ పౌరుషం వండిపెట్టన్నా?”

“ఆమె చెయ్యి నా మగ్గం మీద పడొద్దు.”

“ఏందట? ఆమె చెయ్యి తెంపిందా, నీ చెయ్యి తెంపిందా?”

కైలాసం బస్తాలు మోయడానికి వెళ్ళిపోయాడు. సరోజన తాళం తీసి రాజవ్వను పిలిచింది.

ఇక ప్రతి సాయంత్రం అతడు ఇల్లు చేరేసరికి ఆ గదిలోంచి దగ్గు వినిపించేది. పడుగు మీద అతుకుల వరస జరిగిన మేర కనిపించేది. కైలాసం చూశాడు. చూడనట్టే అన్నం తిన్నాడు. ఒకనాడు మాత్రం, “ముసలామెకు ఏడినీళ్ళన్న ఇయ్యకపోయినవా?” అని భార్యను కసిరాడు.

కొన్ని వారాల తరువాత ఒక ఆదివారం, కైలాసం చేతిలోని పళ్ళెం గుమ్మం దగ్గర దానంతట అదే ఆగినట్టు ఆగింది.

అక్కడ ఎవరూ లేరు.

కైలాసం ఒక రొట్టె ముక్కను శుభ్రమైన గుడ్డలో చుట్టుకొని ఇంటికి నడిచాడు. గది తలుపు తెరిచే ఉంది. పడుగు బిగువుగా నిలిచి ఉంది. తెగిన పోగు ఒక్కటి కూడా లేదు. మగ్గం గుంత పక్కన, గోడకు ఆనుకొని, రాజవ్వ కళ్ళు మూసుకొని ఉంది.

“అవ్వా,” అన్నాడు. “అవ్వా, అడుగుత అంటివి గద!”

ఆమె చెయ్యి చల్లబడిపోయింది.

సమాధుల తోట దగ్గర సంఘంవారు తటపటాయించారు. “ఏ ఊరో, ఎవలో తెల్వకుంట జాగెట్ల ఇస్తం?”

“నాకని పెట్టుకున్న జాగుంది,” అన్నాడు కైలాసం. “అండ్ల పెట్టుండ్రి.”

మట్టి కప్పుతుండగా వర్ధన్నపేట నుంచి కొమురెల్లి వచ్చాడు. అతడూ నేతగాడే. పోగులు అతికే ముసలామె పోయిందన్న కబురు విని, బస్సు దిగి పరుగున వచ్చాడు.

“మా ఊళ్ళె మగ్గాలన్ని ఈమెనే అతికింది,” అన్నాడు రొప్పుతూ. “అంతకు ముందుగాల మరిపెడల, లోకం పోతాంది గదా అని నాట్లు ఆపుకున్నోళ్ళ మళ్ళల్ల నాటేసింది. పని ముగిసినంకనే తనెవలో మాకు జెప్పుకున్నది. ఇగ వరంగల్ ఒక్కటే మిగిలింది అన్నది.”

“ఏం మిగిలింది? ఎవలు కొమురెల్లీ ఈమె?”

కొమురెల్లి తలకు చుట్టుకున్న తువ్వాలు తీశాడు.

“నీ మగ్గంతోని కొడుకు బాకీ పూరాగ తీర్చింది కైలాసమన్నా, మనతోని పడుగులు తెంపిచ్చిన ఏలీయా అయ్యగారిని కన్నతల్లి ఈమె.”